ఇంజిన్ కింద కుంపటి

రామదాసు తన జన్మలో చూసిన మంచు అంతా ఐస్ కచాంగ్ గిన్నెలో చూసిందే. తురిమిన ఐసు మీద ఎర్రపాకం, పచ్చపాకం పోసి హాకర్ సెంటర్ తిండికొట్లలో అమ్ముతారే, అదన్నమాట. పుట్టింది సింగపూర్లో, పెరిగింది సింగపూర్లో. ఎండ, వాన తప్ప మూడో కాలం ఎరగడు. సినిమా హాల్లో ఏసీ కాస్త గట్టిగా వేస్తే చొక్కా కాలర్ పైకెత్తుకుని కూర్చునే మనిషి.

ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చాడట. తండ్రి సింగపూర్ చేరి బ్రిటిష్ వాళ్ళ స్థావరంలో కళాసీగా పనిచేశాడు. రామదాసుకి మీసాలు రాకముందే అక్కడి లారీల షెడ్డులో బళ్ళు కడిగే పని దొరికింది. కడుగుతూ కడుగుతూ స్టీరింగ్ పట్టాడు. బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయారు, లారీ మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇసక తోలాడు, ఇనుము తోలాడు. ఇప్పుడు తువాస్‌లో డార్మిటరీ నుంచి ఓడల యార్డుకి పనివాళ్ళని తీసుకెళ్తాడు. క్లెమెంటిలో మూడు గదుల ఫ్లాటు, భార్య నాగరత్నం, జూనియర్ కాలేజీలో చదివే కూతురు కీర్తిక. ఇదీ ఆయన సంసారం.

ఆయనకున్న దిగులల్లా ఒక్కటే, తెలుగు. అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు, అందులో సగం తమిళం, కాస్త మలాయి. ఇంట్లో ఎవరికీ అది తేడాగా అనిపించేది కాదు. కంప్యూటర్ల ఉద్యోగాలకని ఆంధ్రా నుంచి కుర్రకారు గుంపులు గుంపులుగా దిగుతున్న రోజులవి. ఉగాది సభకి తెల్లపంచె కట్టుకుని సంబరంగా వెళ్ళాడు రామదాసు. పచ్చడి గిన్నె అందిస్తున్న ఒకావిడతో నాలుగు మాటలు మాట్లాడాడో లేదో, "మీరు తమిళులా అంకుల్? తెలుగు భలే నేర్చుకున్నారే!" అందావిడ. మెచ్చుకుందామనే అంది. రామదాసు నవ్వేసి ఊరుకున్నాడు గాని, పచ్చడి నోట పెట్టకుండానే పక్కన పెట్టేశాడు. తర్వాత సభకి వెళ్ళినా వెనక వరసలో కూర్చుని వచ్చేసేవాడు.

అలాంటి ఇంట్లోకి శ్రీలేఖ అద్దెకి వచ్చింది. రాజమండ్రి అమ్మాయి. క్లెమెంటి పక్కనే ఒక కొత్త డాట్‌కామ్ కంపెనీలో ఉద్యోగం. చలిదేశాల్లో లారీలు నడిపేవాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో పేజీలు తయారుచేయడం ఆ కంపెనీ పని. ఇంజినీరింగ్ చదివింది కదా అని ఆ అమ్మాయిని రాసేవాళ్ళలో కూర్చోబెట్టారు. లారీ ఎక్కిన పాపాన పోలేదు. మంచి పిల్ల. రామదాసు మాటకి ఏనాడూ నవ్వేది కాదు. ఆయన "ఏటమ్మా, మాకన్ అయిందా?" అంటే, అన్నం తిన్నావా అనేగా అర్థమని "అయింది అంకుల్, మీరు తిన్నారా?" అని మామూలుగా జవాబు చెప్పేది. ఆ చిన్న మర్యాదకే రామదాసు కరిగిపోయాడు.

డిసెంబరు వానల్లో ఒక ఆదివారం. నాగరత్నం మార్కెట్‌కి వెళ్ళింది. శ్రీలేఖ కాగితం, పెన్ను పట్టుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"అంకుల్, మీరే ఆదుకోవాలి. చలికాలంలో లారీ ఇంజిన్ చల్లబడిపోకుండా, ఇంట్లో ఉన్న వస్తువులతోనే వెచ్చగా ఉంచుకునే ఉపాయాలు రాయమన్నారు. ఎవరిని అడిగినా హీటర్ కొనుక్కోమంటున్నారు. మీకు ముప్పై ఏళ్ళ అనుభవం కదా."

నాకు తెలీదమ్మా అంటే సరిపోయేది. ఆ మాట అనాలనే నోరు తెరిచాడు కూడా. కానీ ఆ పిల్ల పెన్ను మూత తీసి, ఒక పంతులుగారి ముందు కూర్చున్నట్టు కూర్చుంది. ఆంధ్రా నుంచి వచ్చిన ఒక చదువుకున్న మనిషి ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"నాకు తెలీకపోడం ఏటమ్మా!" అన్నాడు.

తెలిసినవి కొన్ని ఉన్నాయి, విన్నవే అయినా. చిన్నతనంలో షెడ్డులో తెల్ల సోల్జర్లు చెప్పుకునేవాళ్ళు. రేడియేటర్ ముందు అట్టముక్క అడ్డం పెట్టడం. బండిని గాలికి ఎదురుగా కాకుండా గోడ చాటున నిలపడం. సాయంత్రం వేడిగా ఉన్న ఇంజిన్ ఆయిల్ డబ్బాలోకి దించేసి లోపల పెట్టుకుని, పొద్దున్నే కాచి పోసుకోవడం. బ్యాటరీని ఊడదీసి మంచం పక్కన పెట్టుకోవడం. శ్రీలేఖ రాసుకుంటూ పోయింది. రాసుకునేకొద్దీ రామదాసుకి ఊపు వచ్చింది.

"అన్నిటికన్నా గట్టిది ఇంకోటుంది. కుంపట్లో బొగ్గులు రాజేసి, మంట తగ్గి ఎర్రటి నిప్పులయ్యాక ఇంజిన్ కిందకి తోసీడమే. పైన బానెట్ మీద మందం దుప్పటి కప్పీడం. వేడి ఎటూ పోదు. కాసేపటికి ఇంజిన్ పాలు కాగినట్టు కాగుద్ది."

"మీరు చేశారా అంకుల్?"

"నేనే చేశాను. కామెరాన్ కొండల మీద. అక్కడి చలి నీకు తెలీదు."

మలేసియాలోని ఆ కామెరాన్ కొండలకి ఆయన ఒకే ఒకసారి వెళ్ళాడు, అదీ బస్సులో, పెళ్ళయిన కొత్తలో.

శ్రీలేఖ పెన్ను ఆపి తలెత్తింది. "మంట అంటుకోదా అంకుల్?"

ఆ కుంపటి కథ రామదాసుకి చెప్పింది ఎర్రమీసాల సార్జెంటు ఒకడు. జర్మనీలో చలికాలం, ఎవడో డ్రైవరు ఇలాగే ఇంజిన్ కింద నిప్పులు పెట్టి, పైన దుప్పటి కప్పి, టీ తాగడానికి వెళ్ళాడు. దుప్పటి అంచు జారి నిప్పుల మీద పడింది. ఇంజిన్ అడుగున కారిన నూనె అంటుకుంది. వాడు తిరిగొచ్చేసరికి లారీ లేదు, ఇనపచట్రం ఉంది. సార్జెంటు ఆ కథ చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు. షెడ్డంతా నవ్వేది. అది ఒక తెలివితక్కువవాడి కథ. ఉపాయం కాదు.

ఆ చివరి ముక్క రామదాసు నోటిదాకా వచ్చింది. చెప్తే, అంతవరకు చెప్పిందంతా తేలిపోతుంది. కామెరాన్ కొండలూ తేలిపోతాయి.

"నిప్పులకి మంటెక్కడుంటాదమ్మా," అన్నాడు.

శ్రీలేఖ తల ఊపి, అదీ రాసుకుంది.

వారం తిరక్కుండా పేజీ ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. కీర్తిక కంప్యూటర్లో తెరిచి చూపించింది. పైన 'అనుభవజ్ఞుడైన డ్రైవర్ రామ్ చెప్పిన ఇంటి చిట్కాలు' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. పక్కన మంచులో లారీకి ఆనుకుని నిలబడ్డ తెల్లగడ్డం దొర బొమ్మ, కంపెనీవాళ్ళు ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టింది. మొదటి చిట్కా కుంపటే.

"నాన్నా, దిస్ వన్ యూ ఆ?" కీర్తిక పడీపడీ నవ్వింది. "యూ నెవర్ సీ స్నో ఆల్సో, లా!"

"నోర్ముయ్," అన్నాడు రామదాసు, ముద్దుగానే. పేజీని అచ్చు తీయించి, మడత పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి తువాస్ క్యాంటీన్‌కి పట్టుకెళ్ళాడు. తోటి డ్రైవర్లకి చూపించాడు. తెలుగు సభలో ఈసారి ముందు వరసలో కూర్చున్నాడు. శ్రీలేఖ అందరికీ "మా అంకుల్ సాయం చేశారు" అని చెప్తుంటే, వద్దు వద్దంటూనే విన్నాడు.

జనవరిలో ఒకరోజు ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి శ్రీలేఖ అప్పటికే ఇంట్లో ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాగరత్నం పక్కన కూర్చుని ఆ పిల్ల వీపు నిమురుతోంది.

కెనడాలో ఎవరో ఒకాయన, సొంతలారీ, ఆ పేజీ చదివి కుంపటి పెట్టాడు. దుప్పటి అంటుకుంది. లారీ కాలిపోయింది, దాన్ని నిలిపిన షెడ్డు కాలిపోయింది. ఆర్పబోయి రెండు చేతులూ కాల్చుకున్నాడు. ప్రాణానికి భయం లేదట. ఆస్పత్రి నుంచి ఆయన భార్య కంపెనీకి మెయిల్ రాసింది.

"అంకుల్," అంది శ్రీలేఖ. "నేనేదో తప్పు విన్నాను కదా? నిప్పులు పెట్టినప్పుడు దుప్పటి తీసెయ్యమని చెప్పారు కదా మీరు? నేనే రాసుకోలేదు. అంతే కదా?"

ఆ పిల్ల అడిగిన తీరులో నింద అన్నది లేదు. తప్పు తనదే అయి ఉంటుందని నమ్మి, దాన్ని రూఢి చేసుకోవడానికి అడుగుతోంది. రామదాసు చేతిలో ఇంకా లారీ తాళాలు ఉన్నాయి.

"అవునమ్మా," అన్నాడు. "తీసెయ్యమనే సెప్పాను."

శ్రీలేఖ తల దించుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

నాగరత్నం లేచి వంటింట్లోకి నడిచింది. రామదాసు నీళ్ళకని వెనకే వెళ్ళాడు. ఆవిడ గ్లాసు అందించకుండా ఆయన మొహంలోకి చూసింది.

"ఆ కుంపటి కథలో లారీ కాలిపోద్ది కదా. పెళ్ళయిన కాడినుంచి వింటన్నాను. ప్రతి దీపావళికీ సెప్పి నవ్వుతావు."

రామదాసు గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

"ఆ పిల్లకి మొత్తం సెప్పలేదా?"

గ్లాసు ఆయనే తీసుకుని నీళ్ళు పట్టుకున్నాడు. తాగకుండానే అక్కడ పెట్టేశాడు.

ఆ తర్వాత ఇంట్లో మసలడం ఆయనకి కష్టమైపోయింది. కష్టం అనే మాటకి మామూలుగా మలాయిలో సుసా అనేవాడు. ఇప్పుడు ఆ మాట అనడానికి కూడా నోరు రాలేదు. శ్రీలేఖ లేవకముందే డ్యూటీకి బయలుదేరేవాడు. భోజనం బల్ల దగ్గర ఆ పిల్ల ఉంటే ఆకలి లేదనేవాడు. ఆ పిల్లేమో తన మీద కోపంతో అంకుల్ దూరంగా ఉంటున్నారనుకుంది. ఒక సాయంత్రం ఆయన తలుపు దగ్గర చెప్పులు విప్పుతుంటే, లోపల ఫోన్లో మాట వినిపించింది.

"లేదు నాన్నా, ఆయన సరిగ్గానే చెప్పారు. నా చెవులే తప్పు విన్నాయి. ఆయన పాపం నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మొహం చూపించడానికే సిగ్గుగా ఉంది."

విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని రామదాసు కిందికి దిగిపోయాడు. బ్లాకు కింద సిమెంటు బెంచీ మీద చైనా ముసలాళ్ళు చదరంగం ఆడుతున్నారు. వాళ్ళ పక్కన ఆట చూస్తున్నట్టు నిలబడ్డాడు. సిగ్గుపడాల్సింది తాను. పడుతున్నది ఆ పిల్ల. ఆమె చేతిలో లేనిపోని బరువు పెట్టి, మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాడు. మొదటి అబద్ధం గొప్ప కోసం ఆడాడు, సరే. రెండోది దేనికి? పిరికితనంతోనే.

మర్నాడు యార్డులో పనివాళ్ళని దించి, సెలవు పెట్టి, యూనిఫామ్‌తోనే శ్రీలేఖ ఆఫీసుకి వెళ్ళాడు. గాజుతలుపులు, రంగురంగుల కుర్చీలు. అందరూ ఆయన కూతురి ఈడువాళ్ళలాగే కనిపించారు. కంపెనీ నడిపే అబ్బాయి పేరు నవనీత్, హైదరాబాదువాడు. మర్యాదగా కూర్చోమన్నాడు. రామదాసు కూర్చోలేదు.

"ఆ అమ్మాయి తప్పు లేదు సార్. నేనే తప్పు సెప్పాను. తెలిసే సెప్పాను."

"అయ్యో, అంకుల్, ఆ పేజీ ఎప్పుడో తీసేశాం," అన్నాడు నవనీత్. "మా లాయర్లు చూసుకుంటున్నారు. మీరు ఎవరితోనూ ఏమీ మాట్లాడకపోతే అదే మంచిది."

"ఆ అమ్మాయికి సెప్పండి సార్, తనది తప్పు కాదని."

"మీరే చెప్పండి," అని నవనీత్ తలుపు తీసి పిలిచాడు. "శ్రీలేఖా, మీ అంకుల్ ఏదో అంటున్నారు."

తనొక్కదానికే, ఇంట్లో, నెమ్మదిగా చెప్పాలనుకున్నాడాయన. ఇక్కడ పదిమంది కంప్యూటర్ల మీంచి తలలెత్తి చూస్తున్నారు. శ్రీలేఖ కంగారుగా వచ్చి నిలబడింది. తెలుగు మాటలు దొరకలేదు రామదాసుకి. తమిళం అడ్డం వచ్చింది, ఇంగ్లీషు అడ్డం వచ్చింది. చేతిలో టోపీ నలుపుకుంటూ, సార్జెంటు కథ మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. కామెరాన్ కొండలకి బస్సులో వెళ్ళానని చెప్పాడు. మంచు ఎప్పుడూ చూడలేదని చెప్పాడు. మొన్న అవునన్నది కూడా అబద్ధమే అన్నాడు.

వెనకెక్కడో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"మంట అంటుకోదా అని అడిగాను అంకుల్," అంది శ్రీలేఖ మెల్లిగా.

"అడిగావమ్మా."

"మళ్ళీ మొన్న అడిగాను."

"అడిగావు."

ఆ పిల్ల తిట్టినా బాగుండేది. వెనక్కి తిరిగి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. రామదాసు అందరి మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. గాజుతలుపు లాగాలో తొయ్యాలో తెలియక రెండుసార్లు తడబడ్డాడు.

ఆ సాయంత్రం శ్రీలేఖ హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన్ని పిలిచింది. లాయర్లు వద్దన్నా మనసు ఊరుకోక, తప్పు తనదేనని ఆ కెనడా ఆయనకి అప్పటికే సొంతంగా క్షమాపణ రాసిందట.

"నేను రాసింది నిజం కాదని ఇప్పుడు తెలిసింది. నిజం మీరే చెప్పండి. మీరు చెప్తే టైప్ చేస్తాను."

రామదాసు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తన వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్కో ముక్కా చెప్పాడు. శ్రీలేఖ దిద్దకుండా ఉన్నదున్నట్టు కొట్టింది. 'నేను ఆ అమ్మాయికి కథ సగమే చెప్పాను. మిగతా సగంలో లారీ కాలిపోతుంది. నాకు తెలుసు. నా పేరు రామదాసు.' ఇంకా ఏదో చెప్పాలనిపించింది గాని, ఏం చెప్పినా అది తనని తాను వెనకేసుకొచ్చేదే అవుతుందని ఊరుకున్నాడు.

రెండు రోజులకి జవాబు వచ్చింది. ఆ కెనడా ఆయన చెప్తుంటే భార్య టైప్ చేసిందట. కుడిచేతి వేళ్ళు ఇంకా కదలడం లేదు. ఎడమచెయ్యి నయం. తిట్లు లేవు. ఆఖర్న ఒక ప్రశ్న ఉంది. 'మీరు ఎప్పుడైనా చలిదేశంలో ఉన్నారా?'

శ్రీలేఖ చదివి వినిపించి, కీబోర్డు మీద చేతులు పెట్టి ఎదురుచూసింది. కీర్తిక కూడా గది గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి నవ్వడం లేదు.

"లేదు," అన్నాడు రామదాసు.

శ్రీలేఖ ఆ ఒక్క మాటే కొట్టి పంపింది. అటునుంచి మళ్ళీ ఏమీ రాలేదు.

కంపెనీ కూడా ఎక్కువకాలం నిలవలేదు. డాట్‌కామ్‌లన్నీ వరసగా మూతపడుతుంటే అదీ మూతపడింది. శ్రీలేఖకి ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో వేరే ఉద్యోగం దొరికింది. టోవా పాయోలో స్నేహితురాలితో కలిసి ఇల్లు చూసుకున్నానని నాగరత్నంతో చెప్పింది. ఆఫీసుకి దగ్గరట. ఆంటీ చెయ్యి పట్టుకుని ఏడ్చింది కూడా. సామాను నేను దింపుతానన్నాడు రామదాసు. వద్దంటుందనుకున్నాడు, అనలేదు.

యార్డువాళ్ళని అడిగి ఆదివారం లారీ తెచ్చాడు. పెట్టెలు, పరుపు, పుస్తకాల అట్టడబ్బా వెనక సర్ది, తాడు కట్టి, టార్పాలిన్ కప్పాడు. శ్రీలేఖ ముందు సీట్లో ఎక్కింది. కొత్త ఉద్యోగం ఎలా ఉందమ్మా అంటే బాగుందంకుల్ అంది. అమ్మానాన్నా బాగున్నారా అంటే బాగున్నారంది. అన్నిటికీ మర్యాదగానే జవాబు చెప్పింది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

ముందు రోడ్డు మీద బళ్ళు బారులు తీరి ఆగిపోయాయి. ఏదో ప్రమాదం జరిగినట్టుంది.

"పక్కదారిలో పోదాం," అన్నాడు రామదాసు. "ఎడమకి తిరిగి, కాలవ పక్కనుంచి పోతే సరిగ్గా మీ బ్లాకు వెనకాల తేల్తాం."

ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో బండి తోలుతున్నవాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పగల దారి అది.

"సరే అంకుల్," అంది శ్రీలేఖ.

ఆయన ఎడమకి ఇండికేటర్ వేశాడు. ఆ పిల్ల ఒళ్ళోని సంచీ తెరిచి, వీధుల పటాల పుస్తకం బయటికి తీసింది. ఆయనకి కనిపించకూడదని కాబోలు, కిటికీ వైపుకి కాస్త తిప్పి పట్టుకుని, వేలితో ఆ రోడ్డు వెతుక్కుంది. కాలవ దొరికింది. వేలు దాని వెంబడే నెమ్మదిగా నడిచి, బ్లాకు దగ్గర ఆగింది. అప్పుడు పుస్తకం మూసి సంచీలో పెట్టేసుకుంది.

రామదాసు చూడనట్టే రోడ్డు వైపు చూస్తూ బండి తిప్పాడు. చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. టోవా పాయోలో పెట్టెలన్నీ తనే పైకి మోశాడు. ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చిచ్చింది. టీ పెడతాను కూర్చోమంది. పనుందమ్మా అని చెప్పి వచ్చేశాడు. ఆ రోజు ఆయనకి పనేమీ లేదు.